మునిగిన యుద్ధనౌకలు, తిరిగిరాని నావికులు: నల్గొండ, పాలమూరు పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబర్ నెల దగ్గరపడితే చాలు, ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తాయి. ఇంట్లో గోడకున్న పాత ఫొటో గురించి మనవలు అడుగుతారు. ఊళ్లో పేరు చెక్కించాలని యువజన సంఘం వాళ్లు అడుగుతారు. అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉండేలా రాశాం. మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

సముద్రమే లేని మన జిల్లాలకు యుద్ధనౌకలతో ఏం పని?

ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో ఆస్ట్రేలియా నౌకాదళంలో ‘నిజాం’ పేరుతో ఒక డిస్ట్రాయర్, అంటే వేగంగా నడిచే యుద్ధనౌక, పనిచేసింది. యుద్ధానికి నిజాం ఇచ్చిన సొమ్ముకు గుర్తుగా ఆ పేరు పెట్టారు. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు అప్పుడు హైదరాబాద్ రాజ్యంలోవి. నిజాం ఖజానాకు మూలం భూమిశిస్తు కాబట్టి, ఆ నౌకలో మన రైతు చెమట కూడా ఉందని చెప్పడం తప్పు కాదు. 1945 ఫిబ్రవరిలో పశ్చిమ ఆస్ట్రేలియా కొసన పెద్ద అల ఒకటి కొట్టి ఆ నౌక దాదాపు 75 డిగ్రీలు పక్కకు ఒరిగింది. పదిమంది నావికులు సముద్రంలో కొట్టుకుపోయారు. నౌక మాత్రం నిలబడింది.

మన కృష్ణా నది పేరుతోనూ ఒక యుద్ధనౌక ఉండేది. ‘కిస్ట్నా’ అని ఇంగ్లీషువాళ్ల పలుకుబడిలో పిలిచిన ఆ స్లూప్ (చిన్న కాపలా యుద్ధనౌక) 1943లో రాయల్ ఇండియన్ నేవీలో, అంటే బ్రిటిష్ కాలపు మన నౌకాదళంలో, చేరింది, స్వాతంత్ర్యం తర్వాత మన నౌకాదళంలో కొనసాగింది.

ఇంకొకటి బొంబాయి దారి. పాలమూరు, నల్గొండ నుంచి బతుకుదెరువుకు బొంబాయి పోవడం కొత్త కాదు. అక్కడి కామాఠిపురకు ఆ పేరు నిజాం ఇలాకా నుంచి వెళ్లిన కామాఠీ కూలీల వల్లే వచ్చింది. రేవులో పని దొరికినవాడు ఓడ ఎక్కడం పెద్ద దూరం కాదు. ‘బొంబాయి పోయిండు, మళ్ల రాలే’ అని మీ ఇంట్లో ఎవరి గురించైనా చెప్పుకుంటే, ఓడల జాబితాలు కూడా చూడండి.

సరుకు ఓడలో పనిచేసి చనిపోయినవాళ్లను కూడా యుద్ధంలో పోయినట్టే లెక్కపెడతారా?

పెడతారు. రెండు ప్రపంచయుద్ధాల విషయంలో కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వాణిజ్య నౌకల సిబ్బంది పేర్లను కూడా స్మారక పుస్తకాల్లో ఎక్కించింది. నిజానికి రెండో యుద్ధంలో రాయల్ ఇండియన్ నేవీ పేర్లు నాలుగు వందల చిల్లర అయితే, వాణిజ్య నౌకల భారతీయ సిబ్బంది పేర్లు దాదాపు ఆరువేలు. బొగ్గు కొట్టిన మనిషి, వంట వండిన మనిషి, డెక్కు కడిగిన మనిషి అంతా అందులో ఉన్నారు. ‘మా ముత్తాత యూనిఫాం సిపాయి కాదు కదా’ అని వెనక్కి తగ్గకండి.

## ఏ నౌక, ఎట్ల మునిగింది

ఐఎన్ఎస్ ఖుక్రీ ఎట్ల మునిగింది? అసలు ఏం జరిగింది?

1971 డిసెంబర్ 9, గురువారం రాత్రి. గుజరాత్ తీరంలోని దీవ్‌కు సుమారు 40 నాటికల్ మైళ్ల దూరంలో, అంటే దాదాపు 74 కిలోమీటర్ల దూరంలో, పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడో (నీటిలో దూసుకుపోయి పేలే ఆయుధం) కొట్టడంతో ఖుక్రీ మునిగింది. స్వతంత్ర భారతం యుద్ధంలో పోగొట్టుకున్న యుద్ధనౌక ఇదొక్కటే.

ఆ ప్రాంతంలో జలాంతర్గామి తిరుగుతోందని రేడియో సంకేతాల వల్ల ముందే తెలిసింది. దాన్ని వేటాడడానికి పద్నాలుగో దళం నుంచి ఖుక్రీ, కృపాణ్, కుఠార్ అనే మూడు ఫ్రిగేట్లు (మధ్యరకం యుద్ధనౌకలు) బయలుదేరాలి. బాయిలర్ గదిలో చెడిపోవడంతో కుఠార్ బొంబాయిలోనే ఆగింది. మిగిలిన రెండూ వెళ్లాయి. ఇక్కడ అసలు చిక్కు సోనార్‌ది. నీటిలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి జలాంతర్గామిని కనిపెట్టే పరికరం అది. హంగోర్ ఫ్రాన్స్‌లో కట్టిన డాఫ్నే తరగతిది, కొత్తది. ఖుక్రీ సోనార్‌కు అందే దూరం కంటే ఎక్కువ దూరం నుంచే అది ఖుక్రీని వినగలిగింది. పైగా సోనార్ పట్టు పెంచే కొత్త పరికరాన్ని ఖుక్రీలో ఆ రోజుల్లోనే పరీక్షిస్తున్నారు. నౌక వేగంగా పోతే తన చప్పుడే తనకు అడ్డం వస్తుంది కాబట్టి నెమ్మదిగా నడవాల్సి వచ్చింది. జలాంతర్గామి ఉన్న నీళ్లలో నెమ్మదిగా నడిచే నౌక సులువైన గురి.

హంగోర్ వదిలిన మొదటి టార్పెడో కృపాణ్ మీదికి పోయి పేలలేదు. రెండోది ఖుక్రీకి తగిలింది. కొద్ది నిమిషాల్లోనే నౌక నీటిలోకి వెళ్లిపోయింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్ పక్కనున్నవాళ్లకు ఇచ్చి, నౌకను నడిపే చోటైన బ్రిడ్జి మీదే ఉండి నౌకతోపాటు వెళ్లిపోయాడని బతికినవాళ్లు చెప్పారు. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. మర్నాడు ఉదయం ఐఎన్ఎస్ కచ్చల్ వచ్చి నీళ్లలో ఉన్నవాళ్లను ఎక్కించుకుంది. ఆరుగురు అధికారులు, 61 మంది నావికులు బతికారు.

ఖుక్రీలో చనిపోయింది 194 మందా, 195 మందా? ఒక్కోచోట ఒక్కో లెక్క ఉంటది.

18 మంది అధికారులు, 176 మంది నావికులు, మొత్తం 194. కెప్టెన్ ముల్లా ఆ 18 మందిలో ఒకరు. ‘కెప్టెన్, ఇంకా 17 మంది అధికారులు’ అని కూడా రాస్తుంటారు. అది చదివి కెప్టెన్‌ను 18కి మళ్లీ కలిపితే 195 అవుతుంది. ఫ్లెక్సీ మీదో రాయి మీదో అంకె వేసేటప్పుడు 18, 176 విడివిడిగా వేయండి, తప్పు పోదు.

ఒక్క టార్పెడోకే అంత పెద్ద నౌక నిమిషాల్ల ఎట్ల మునుగుతది?

టార్పెడో పక్కగోడకు బొక్క పెట్టి వదిలేస్తుందని చాలామంది అనుకుంటారు. అడుగు కింద పేలితే జరిగేది వేరు. పేలుడు వాయువు నీటిలో పెద్ద బుడగలా ఉబ్బి నౌక నడుమును పైకి ఎత్తుతుంది. ముందు, వెనుక భాగాలకు ఆసరా పోతుంది. మరుక్షణం బుడగ కుంగి నడుము కింద ఖాళీ ఏర్పడుతుంది. అటు వంగి ఇటు వంగిన కట్టె విరిగినట్టు నౌక వెన్ను విరుగుతుంది.

నౌక లోపల గదులను ఇనుప తలుపులతో నీరు చొరకుండా విడదీస్తారు. ఒక గది నిండినా పక్క గది తేల్చి ఉంచాలని ఆ ఏర్పాటు. వెన్నే విరిగాక, రెండు మూడు గదులు ఒకేసారి తెరుచుకున్నాక ఆ తలుపులు ఏమీ చేయలేవు. మందుగుండు గది అంటుకుంటే ఇక వేళ ఉండదు. ఖుక్రీ తరగతి ఫ్రిగేట్ల బరువు 1,200 టన్నుల లోపే, తేలికగా కట్టినవి. కరెంటు పోయి చీకటి, నేల నిట్టనిలువుగా లేవడం, నిచ్చెన ఒక్కటే. డెక్కు కింద ఉన్నవాళ్లు ఎక్కువగా చనిపోవడానికి కారణం ఇదే.

విశాఖ దగ్గర మునిగిన ఘాజీ మనదా, వాళ్లదా?

పాకిస్తాన్‌ది. అమెరికాలో ‘డయాబ్లో’ పేరుతో కట్టిన జలాంతర్గామి అది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు ఉంది. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటే వేళకు విశాఖ రేవు ముందు ఘాజీ మునిగింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీటి లోతులో పేలే బాంబుల) వల్లేనని మన నౌకాదళం చెబుతుంది, లోపలి పేలుడు వల్లనో సొంత మైను (నీటిలో పెట్టే మందుపాతర) వల్లనో అని పాకిస్తాన్ చెబుతుంది. అందులోని తొంభై మందికి పైగా సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు.

శత్రువు నావికులకు కూడా నివాళి చెప్పొచ్చా? ఊళ్లో కొందరు వద్దంటున్నరు.

చెప్పవచ్చు. సముద్రంలో పోయినవాళ్ల విషయంలో నౌకాదళాల మధ్య ఈ మర్యాద పాతదే. ఊళ్లో అభ్యంతరం ఉంటే పేర్లు చదివే సభలో మనవాళ్ల పేర్లే చదివి, మౌనం పాటించేటప్పుడు ‘సముద్రంలో ప్రాణాలు విడిచిన అందరికీ’ అనండి. కొడుకు శవం కూడా దొరకని తల్లి బాధ ఏ దేశంలోనైనా ఒకటే కాబట్టి, ఆ మాట అనడమే సరైనదని మా అభిప్రాయం.

స్వాతంత్ర్యానికి ముందు మన నౌకలు ఏవేవి మునిగినయి?

రెండో యుద్ధంలో రాయల్ ఇండియన్ నేవీ పోగొట్టుకున్నవాటిలో ముఖ్యమైనవి నాలుగు. 1940 జూన్‌లో బొంబాయి దగ్గర ‘పఠాన్’. 1941 ఏప్రిల్ 30న ఎర్రసముద్రంలో మైను తగిలి ‘పార్వతి’. 1942 మార్చి 1న అండమాన్ దగ్గర మైను తగిలి ‘సోఫీ మేరీ’. 1942 ఏప్రిల్ 6న బర్మాలోని అక్యాబ్ రేవులో జపాన్ విమానాల బాంబులకు ‘ఇండస్’. ఆ ఏప్రిల్ 6నే విశాఖపట్నం, కాకినాడల మీద కూడా జపాన్ బాంబులు పడ్డాయి.

ప్రయాణికుల ఓడల్లో ‘తిలావా’ను మరవకూడదు. బొంబాయి నుంచి ఆఫ్రికాకు వెళ్తుండగా 1942 నవంబర్ 23న జపాన్ జలాంతర్గామి దాన్ని ముంచింది. 280 మంది పోయారు. 678 మందిని ఇతర నౌకలు కాపాడాయి.

యుద్ధం లేనప్పుడు మునిగినవి కూడా ఉన్నయా?

ఉన్నాయి. 1990 ఆగస్టులో బంగాళాఖాతంలో ఐఎన్ఎస్ అండమాన్ మునిగింది. 2013 ఆగస్టు 14న ముంబై డాక్‌యార్డులో ఐఎన్ఎస్ సింధురక్షక్ జలాంతర్గామిలో పేలుళ్లు జరిగి 18 మంది చనిపోయారు. 2014 నవంబర్ 6న విశాఖ తీరానికి దూరంగా, సాధనలో వదిలిన టార్పెడోలను ఏరి తెచ్చే చిన్న నౌక ఏ-72 మునిగింది. ఒకరు చనిపోయారు, నలుగురు గల్లంతయ్యారు. డ్యూటీలో పోయినవాడు యుద్ధంలో పోయినవాడి కంటే తక్కువేమీ కాదు. సంస్మరణ జాబితా రాసేటప్పుడు వీళ్లను వదిలేయడం తరచుగా జరిగే తప్పు.

నౌకను పైకి తీసి శవాలను ఎందుకు తేలేదు?

లోతు, ఖర్చు, ప్రమాదం మాత్రమే కారణాలు కావు. లోపల సిబ్బందితో మునిగిన యుద్ధనౌకను సమాధిగా భావించి కదపకుండా ఉంచడం ప్రపంచమంతా పాటించే సంప్రదాయం. రేవులోనే మునిగిన సింధురక్షక్ వంటి వాటిని మాత్రం పైకి తీశారు, అక్కడ లోతు తక్కువ, మృతదేహాలను వెలికితీయడం సాధ్యం.

## మన మనిషి పేరు వెతకడం

మా తాత నేవీలో చేసిండని తెలుసు, అంతే. ఎక్కడ మొదలుపెట్టాలె?

ఇంట్లోనే. ఢిల్లీకో ముంబైకో ఉత్తరం రాసే ముందు పాత ట్రంకుపెట్టె తెరవండి. వెతకాల్సింది ముఖ్యంగా సర్వీసు నంబరు. అది లేకుండా ఒకే పేరున్న ఇరవై మందిలో మీవాళ్లను వేరుచేయడం చాలా కష్టం.

నంబరు ఎక్కడెక్కడ దొరుకుతుందంటే: డిశ్చార్జి పుస్తకం మొదటి పేజీలో, పింఛను చెల్లింపు ఉత్తర్వులో, మనియార్డరు రసీదుల్లో, ఓడ నుంచి రాసిన ఉత్తరాల కవరు మీద పంపినవారి చిరునామాలో. మెడల్ ఉంటే దాని అంచు చూడండి. స్వాతంత్ర్యం తర్వాత ఇచ్చిన చాలా మెడల్స్ అంచు మీద నంబరు, పేరు సన్నటి అక్షరాల్లో కొట్టి ఉంటాయి. మెడల్‌ను చింతపండుతో, బూడిదతో తోమకండి. ఇలా తోమీ తోమీ ఆ అక్షరాలు అరిగిపోయిన మెడల్స్ ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, కిటికీ పక్కన పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా ఫోన్‌తో ఫొటో తీస్తే గీత కనిపిస్తుంది.

ఫొటో ఉంటే ఫ్రేము విప్పి వెనుక చూడండి. స్టూడియో ముద్ర, ఊరు, తేదీ ఉంటాయి. ముంబై, కొచ్చిన్, విశాఖ, జామ్‌నగర్ ముద్రలు నౌకాదళ స్థావరాల ఆచూకీ ఇస్తాయి. ఫొటో గాజుకు అతుక్కుపోతే బలంగా లాగకండి, గాజుతోనే స్కాన్ చేయించండి.

సర్వీసు రికార్డు కోసం ఎవరికి రాయాలె?

నావికులైతే ముంబై మాన్‌ఖుర్ద్‌లోని చీతా క్యాంప్‌లో ఉన్న బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కు. అధికారులైతే న్యూఢిల్లీలోని నౌకాదళ ప్రధాన కార్యాలయానికి. ఉత్తరంలో పేరు, తండ్రి పేరు, సర్వీసు నంబరు, ర్యాంకు, పనిచేసిన నౌకలు, చేరిన ఏడాది, స్వగ్రామం, పాత తాలూకా, పాత జిల్లా రాయండి. ఇప్పుడు మీ ఊరు సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట జిల్లాల్లో ఉండొచ్చు. రికార్డులో మాత్రం నల్గొండ అనో మహబూబ్‌నగర్ అనో ఉంటుంది. రెండూ రాయండి. మీ బంధుత్వానికి రుజువుగా మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం నకళ్లు జతచేయండి. అసలు కాగితాలు పోస్టులో ఎప్పుడూ పంపకండి.

జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగవచ్చు. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. అయితే వ్యక్తిగత సమాచారమని నిరాకరించే అవకాశం ఉంది కాబట్టి, వారసులుగా నేరుగా రాసే ఉత్తరమే మొదట ప్రయత్నించాలి.

ప్రపంచయుద్ధ కాలంలో పోయినోళ్ల పేర్లు ఎక్కడ దొరుకుతయి?

కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, రెండో యుద్ధానికి 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 వరకు చనిపోయినవాళ్లు అందులో ఉంటారు. రెండో యుద్ధపు నావికుల పేర్ల పుస్తకాలు రెండు. ఒకటి ముంబైలో నావికుల వసతి గృహంలో, రెండోది బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ యుద్ధ సమాధుల తోటలో.

వెతికేటప్పుడు జరిగే తప్పు ఇంటిపేరు పెట్టెలో మన ఇంటిపేరు కొట్టడం. మనవాళ్ల మొత్తం పేరునే ఇంటిపేరుగా ఎక్కించిన చోట్లు ఎక్కువ. కాబట్టి ఇంటిపేరు వదిలేసి అసలు పేరు ఒక్కటే కొట్టండి. నరసింహను నర్సింహ, నర్సిమ్‌లు, నరసయ్య అని, ఎల్లయ్యను యెల్లయ్య అని ఎట్ల పలికితే అట్ల రాసుకున్నారు. నాలుగైదు రకాల స్పెల్లింగులతో, తర్వాత దేశం ‘ఇండియన్’, సేవ ‘మర్చంట్ నేవీ’ అని ఎంచుకుని చూడండి.

తాత కాగితం ఉర్దూల ఉంది, తేదీ ‘1352 ఫస్లీ’ అని ఉంది. అది ఏ సంవత్సరం?

నిజాం పాలనలో ప్రభుత్వ కాగితాలు ఫస్లీ లెక్కలో నడిచాయి. ఫస్లీ ఏడాది ఆజూర్ నెలతో అక్టోబర్ మొదటి వారంలో మొదలయ్యేది. నెలల వరస: ఆజూర్, దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దీబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. ఏడాది మొదటి మూడు నెలలకు, అంటే డిసెంబర్ ఆఖరు దాకా, ఫస్లీ అంకెకు 590 కలపాలి. జనవరి నుంచి ఆబాన్ ముగిసేదాకా 591 కలపాలి. కాబట్టి 1352 ఆజూర్ అంటే 1942 అక్టోబర్, 1352 ఖుర్దాద్ అంటే 1943 వేసవి. అన్నింటికీ 590 కలిపేసి ఒక ఏడాది వెనక్కి పోవడం ఎక్కువమంది చేసే పొరపాటు.

ఆనాటి రికార్డుల కోసం హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లవచ్చు. ఉర్దూ, ఫార్సీ చదవగలిగిన పెద్దమనిషిని వెంట తీసుకెళ్లండి. శికస్తా అనే గొలుసుకట్టు రాతలో ఉన్న కాగితం అచ్చు ఉర్దూ మాత్రమే చదివినవాళ్లకు అందదు.

ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకంలో పేరు ఉందో లేదో ఎట్ల చూడాలె?

2019 ఫిబ్రవరి 25న మొదలైన ఆ స్మారకంలో స్వాతంత్ర్యం తర్వాత ప్రాణాలర్పించిన మూడు దళాలవారి పేర్లు త్యాగ చక్రం గోడల మీద ఉన్నాయి. స్మారకం వెబ్‌సైటులో పేరు కొట్టి చూడవచ్చు, అక్కడి తెరల మీద వెతికితే పేరు ఏ గోడ మీదుందో తెలుస్తుంది. రోజూ సాయంత్రం ఒక అమరుడి కుటుంబ సభ్యులతో పుష్పగుచ్ఛం పెట్టించే కార్యక్రమం జరుగుతుంది. 1947కు ముందు పోయినవాళ్లను అక్కడ వెతకవద్దు.

## కుటుంబం, కాగితాలు

శవం దొరకనోళ్లను చనిపోయినట్టు ఎట్ల రాస్తరు?

నౌకాదళమే విచారణ జరిపి ‘గల్లంతు, మరణించినట్టు భావిస్తున్నాం’ అని నిర్ధారించి కుటుంబానికి రాస్తుంది. మామూలు పౌరుల విషయంలో ఏడేళ్లు ఆచూకీ లేకపోతే మరణించినట్టు భావించే నియమం ఉంది. నౌకాదళం నిర్ధారించిన కేసుల్లో ఏడేళ్లు ఆగాల్సిన పని లేదు. ఆ ఉత్తరమే పింఛనుకూ, భూమి విరాసతుకూ మూలం. లామినేషన్ చేయించకండి, వేడికి సిరా చెదురుతుంది. ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచండి.

నాన్నమ్మకు వచ్చే పింఛను సరైనదేనా అని ఎవరిని అడగాలె?

యుద్ధంలో మరణిస్తే లిబరలైజ్డ్ కుటుంబ పింఛను, అంటే లెక్కలోకి వచ్చే ఆఖరి జీతం మొత్తం. డ్యూటీ కారణంగా మరణిస్తే స్పెషల్ కుటుంబ పింఛను, అందులో 60 శాతం. ఉత్తర్వులో ఏ మాట ఉందో ముందు చూడండి. అనుమానం ఉంటే జిల్లా కేంద్రంలోని సైనిక సంక్షేమ కార్యాలయానికి పింఛను ఉత్తర్వు, బ్యాంకు పాస్‌బుక్ నకలు పట్టుకుని వెళ్లండి. అక్కడ రుసుము ఏమీ ఉండదు. ‘బకాయిలు తెప్పిస్తం, సగం ఇయ్యండి’ అని ఇంటికొచ్చేవాళ్లకు ఓటీపీ చెప్పొద్దు, వేలిముద్ర వేయొద్దు.

‘అమరుడు’ అని సర్కారు సర్టిఫికెట్ ఇస్తదా?

ఆ మాటతో ఇవ్వదు. రక్షణ శాఖ కాగితాల్లో ‘యుద్ధ మరణం’, ‘విధి నిర్వహణలో మరణం’ వంటి మాటలే ఉంటాయి. ఊళ్లో అమరుడనడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

## తలచుకోవడం

ఏ రోజు చేయాలె? డిసెంబర్ 4నా, 9నా?

డిసెంబర్ 4 నౌకాదళ దినోత్సవం. 1971లో కరాచీ రేవు మీద మన క్షిపణి పడవలు దాడి చేసిన రోజు, అది విజయం రోజు. ఖుక్రీ నావికుల కోసమైతే డిసెంబర్ 9. డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినం, విరాళాల రోజు. ఒక మనిషి కోసం చేస్తే ఆ నౌక మునిగిన తేదీనే పాటించండి, అందరికీ కలిపి ఒక రోజు పెడితే ఎవరి రోజూ కాకుండా పోతుంది.

ఇంట్లో తిథి ప్రకారం చేసుకునేవాళ్లు ఆ ఏడాది పంచాంగంలో ఆ రాత్రి తిథి చూపించుకోవాలి. మృతదేహం దొరకనివారికి దర్భతో, మోదుగుతో ఆకారం చేసి దహనం చేసే పద్ధతి శాస్త్రంలో ఉంది. అది ఎన్నేళ్ల తర్వాతైనా చేయవచ్చని పురోహితులు చెబుతారు. ఇక పెత్తరమాస రోజు తాత పేరున బియ్యం ఇవ్వడానికి శవం, తిథి, సర్టిఫికెట్ ఏవీ అడ్డం కావు. ముస్లిం కుటుంబాలు ఇంట్లో ఫాతిహా చదివించుకుంటాయి, క్రైస్తవ కుటుంబాలు జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టించుకుంటాయి.

చెరువుల, కృష్ణల పూలదండ వదలొచ్చా?

వదలొచ్చు. మన నీళ్లు చివరికి చేరేది సముద్రానికే. అయితే దండ ఎట్ల కట్టారన్నది ముఖ్యం. పూల దుకాణంలో థర్మోకోల్ చక్రం మీద కట్టి ఇస్తారు. అది మునగదు, కరగదు, నెల తర్వాత కూడా తూము దగ్గర అడ్డం పడి ఉంటుంది. ఇనుప తీగతో కట్టింది వదిలిన చోటే బుడుంగున మునుగుతుంది.

వరిగడ్డిని మణికట్టంత లావున పేని, జనపనార తాడుతో బిగించి, అడుగున్నర వెడల్పు చుట్ట చేయండి. దాని కింద రెండు అరటి బోదె ముక్కలు అడ్డంగా కట్టితే తిరగబడదు. ఒక్కో ముక్క జానెడు పొడవుంటే చాలు. పైన బంతి, చామంతి పూలను నూలు దారంతో కుట్టండి. డిసెంబర్‌లో బంతీ చామంతీ పుష్కలం. పేరు రాసిన కాగితం పెట్టాలంటే ప్లాస్టిక్ కవరు వద్దు, మోదుగాకు మీద సున్నంతో రాయండి. గట్టు మీంచి విసరకుండా, మోకాలి లోతు దాకా దిగి నీటి మీద పెట్టి మెల్లగా నెట్టండి. వాడపల్లి, బీచుపల్లి, సోమశిల వంటి చోట్ల మెట్ల మీంచే చేయవచ్చు. పుట్టిలోనో పడవలోనో వెళ్తే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి. సాగర్ జలాశయంలోకి అనుమతి లేకుండా దిగవద్దు.

ఊళ్ల పేరు చెక్కించాలనుకుంటున్నం. రాయి ఏది, ఏం రాయాలె?

నల్ల గ్రానైట్ మేలు. షాబాద్ బండ చవకే గానీ పొరలు లేస్తుంది, పదేళ్లలో అక్షరాల అంచులు రాలుతాయి. మూడడుగులు, రెండడుగుల పలక, మందం 20 మిల్లీమీటర్లకు తగ్గొద్దు. అక్షరం ఎత్తు అంగుళమైనా ఉండాలి. తెలుగులో వత్తులు, గుడులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఇంకో అంగుళం వదలండి. ఇంగ్లీషు కొలతల్లో వరుసలు పేర్చితే పై వరుస వత్తు కింది వరుస గుడిలో దూరుతుంది. పేర్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. పలకను జిగురుతో మాత్రమే అతికిస్తే ఎండాకాలం వేడికి ఊడుతుంది. నాలుగు మూలల స్టీలు పిన్నులు వేయించండి. బంగారు రంగు రెండు మూడు ఎండాకాలాలకే వెలుస్తుంది, లోతుగా చెక్కిస్తే రంగు పోయినా చదవొచ్చు.

రాయాల్సింది: పూర్తి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, ర్యాంకు, సర్వీసు నంబరు, నౌక పేరు, తేదీ, సముద్రం పేరు. ర్యాంకు ఏదైతే అదే రాయండి. స్టీవార్డు అనో, కుక్ అనో రాయడం నామోషీ అని ‘వీర సైనికుడు’గా మార్చవద్దు. ఆ మనిషి చేసిన పని అది, ఆ పనిలోనే ప్రాణం పోయింది. దాతల పేర్లు అదే పలక మీద వద్దు. పెట్టాల్సి వస్తే విడిగా, చిన్నగా.

చెక్కే ముందు అసలు కొలతలో కాగితం మీద ప్రింటు తీయించి, ఇంటివాళ్లు ఇద్దరు, బయటివాళ్లు ఒకరు అక్షరం అక్షరం చదివి సంతకం చేయండి. స్థలానికి గ్రామ పంచాయతీ తీర్మానం తీసుకోండి. రోడ్ల మీద, కూడళ్లలో విగ్రహాలకు అనుమతులు ఇవ్వొద్దని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది, కాబట్టి బడి ఆవరణో, పంచాయతీ స్థలమో మంచిది. బడి అయితే పిల్లల కంటి ఎత్తున, నేల నుంచి నాలుగడుగుల్లో పెట్టించండి.

జెండా సగం దించి కట్టొచ్చా?

వద్దు. జాతీయ జెండాను సగానికి దించడం ప్రభుత్వ ఆదేశం ఉన్నప్పుడే. పూర్తిగా ఎగరేసి, రెండు నిమిషాలు మౌనం పాటించండి. జెండాను ఫొటో కింద గుడ్డలా పరచడం, నీటికి తాకనివ్వడం కూడా తప్పే.

విశాఖకు, దీవ్‌కు పోయి చూడాలంటే?

విశాఖకు నల్గొండ మీదుగానే రైలు ఉంది, మహబూబ్‌నగర్ నుంచీ ఉంది. ఆర్కే బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్మారకం, దాని ఎదుట ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి మ్యూజియం ఉన్నాయి. మ్యూజియానికి సోమవారం సెలవు. ముసలివాళ్లను తీసుకెళ్తే ముందే చెప్పండి, లోపలి తలుపులు గుండ్రటి రంధ్రాల్లా ఉంటాయి, వంగి కాలు పైకెత్తి దాటాలి.

దీవ్ దూరం. రైలు దిగేది గుజరాత్‌లోని వెరావల్‌లో, అక్కడి నుంచి రోడ్డు దారి. సముద్రం పక్కన చిన్న గుట్ట మీద, గాజు గదిలో ఖుక్రీ నమూనా పెట్టారు. అదే పేరుతో తర్వాత వచ్చిన రెండో ఖుక్రీని కూడా 2021 డిసెంబర్‌లో సేవ ముగిశాక దీవ్‌కే అప్పగించారు. ఎదురుగా కనిపించే నీళ్లే ఆ నౌక మునిగిన వైపు. సాయంత్రం గాలి ఎక్కువ, దీపం వెలిగించాలనుకుంటే గాజు చిమ్నీ వెంట తీసుకెళ్లండి.